సున్నా క్రెడిట్ల కోర్సు

2023 జనవరి. ఆర్మూర్ దాటాక హైవే పక్కన ఉన్న మా ఇంజనీరింగ్ కాలేజీలో ఎం.టెక్. సెక్షన్ అంటే ఒక గది, రెండు బీరువాలు, ఒక కంప్యూటర్, నేను. అప్పటికి ఆ కుర్చీలో నాకు పద్దెనిమిదేళ్లు నిండాయి. పిల్లలు ఎదురుగా ఉంటే విజయ మేడం అంటారు. వెనకాల ఏమంటారో కూడా నాకు తెలుసు కానీ ఇక్కడ రాయను. నాకు కోపం ఎక్కువ అని వాళ్ల ఫిర్యాదు. అది కోపం కాదు, కాగితం మీద గౌరవం. ఫారం మీద పేరు రాసి ఇంటిపేరు మరిచిపోయినవాడిని బుజ్జగించడం నాకు చేతకాదు.

బయటివాళ్లకు మా పని అర్థం కావాలంటే ముందు క్రెడిట్ అంటే ఏమిటో చెప్పాలి. పెర్కిట్‌లో మా పక్కింటావిడ చాలా కాలం నేను ఏదో బ్యాంకులో పనిచేస్తున్నానని అనుకుంది. వారానికి ఒక గంట పాఠం చొప్పున సెమిస్టర్ పొడుగునా చదివి పాసైతే ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒకటి. మా దగ్గర ఎం.టెక్. పూర్తి కావాలంటే రెండేళ్లలో అరవై ఎనిమిది క్రెడిట్లు రావాలి. అందులో కొన్ని కోర్ సబ్జెక్టులు, అంటే అందరూ చదవాల్సినవి. కొన్ని ఎలెక్టివ్‌లు, అంటే ఎవరి ఇష్టం వచ్చింది వాళ్లు ఎంచుకునేవి. అయినా మా కాలేజీలో ఉన్న ఇద్దరు సార్లు ఏది చెప్పగలిగితే అదే పిల్లలందరి ఇష్టం. ఒకటి ఓపెన్ ఎలెక్టివ్, అది తప్పకుండా వేరే బ్రాంచిది అయి ఉండాలి. చివరి ఏడాదంతా డిసర్టేషన్, అంటే సొంతంగా చేసిన పరిశోధన, దాని మీద రాసిన పుస్తకం. క్రెడిట్లలో పెద్ద వాటా దానిదే.

విద్యార్థి చదువు ముగిశాక అతని ఫైలు నా బల్ల మీదికి వస్తుంది. నేను క్రెడిట్లను పెన్సిల్‌తో పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడతాను. రెండుసార్లూ అరవై ఎనిమిది వస్తే 'క్రెడిట్స్ వెరిఫైడ్' అన్న రబ్బరు స్టాంపు కొట్టి సంతకం పెడతాను. కంప్యూటర్ కూడుతుంది కదా అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. కంప్యూటర్ సంతకం పెడుతుందా? ఆ స్టాంపు పడిన ఫైలు పద్దెనిమిదేళ్లలో ఒక్కటీ తిరిగి రాలేదని నాకు మహా గర్వంగా ఉండేది.

ఆ జనవరి చివర ఒకటి తిరిగొచ్చింది. జమునది.

జమున థర్మల్ ఇంజనీరింగ్ విద్యార్థిని. నందిపేట్ దగ్గర పల్లె. ఇరవై తొమ్మిదేళ్లు, ఆరేళ్ల కూతురు, భర్త గల్ఫ్‌లో డ్రైవరు. అత్త లేదు. మామ హన్మాండ్లు పసుపు, మక్కజొన్న పండించే రైతు. కోడలు చదువుకుంటానంటే మనవరాలి జడలు వేయడం నేర్చుకున్న మనిషి ఆయన. జమున డిసర్టేషన్ కూడా వాళ్లింటి పనిలోంచే పుట్టింది. పసుపు ఉడకబెట్టే డ్రమ్ముకు మార్పులు చేసి, టెంపరేచర్ మీటరు బిగించి, తక్కువ కట్టెలతో కొమ్ములన్నీ ఒకే తీరుగా ఉడికేలా చేసింది. వైవాకు వచ్చిన బయటి ఎగ్జామినర్ ప్రశ్నలన్నీ అయిపోయాక, అలాంటి డ్రమ్ము తమ ఊరికి ఒకటి చేసిపెడతావా అని అడిగాడు.

ఆ నెలలోనే ఆమెకు నిజామాబాద్‌లో ఒక మహిళా పాలిటెక్నిక్‌లో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిలోగా ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో చేరాలి. అసలు పట్టా చేతికొచ్చేదాకా దాని బదులు చెల్లే కాగితం అది. లేకపోతే లిస్టులో తర్వాతి వాళ్లను పిలుస్తారు. తన బ్యాచ్‌లో అందరికంటే ముందు అప్లికేషన్ పెట్టింది జమునే. వారం తిరక్కుండా విశ్వవిద్యాలయం దాన్ని వెనక్కి పంపింది. కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాల్లో ఒకే ఒక్క లైను: ఆడిట్ కోర్సు రెండు, పూర్తి కాలేదు.

ఆడిట్ కోర్సు అంటే చదవాలి, పాసు కావాలి, కానీ దానికి క్రెడిట్లు ఉండవు. మొదటి రెండు సెమిస్టర్లలో ఒక్కొక్కటి. పరిశోధనా వ్యాసాలు రాయడానికి ఇంగ్లీషు, విపత్తుల నిర్వహణ, యోగాతో ఒత్తిడి తగ్గించుకోవడం, ఇలా నాలుగైదు ఉంటాయి. ఏదో ఒకటి తీసుకోవచ్చు. మార్కులు ఉండవు. సంతృప్తికరం అని తెలిపే 'ఎస్' గ్రేడ్ వస్తే చాలు. రెండో సెమిస్టర్‌లో మా థర్మల్ పిల్లలు తీసుకున్నది యోగా.

కబురు పెట్టగానే జమున, హన్మాండ్లు ఇద్దరూ వచ్చారు. పసుపు తవ్వకం నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, ఆయన చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడం, ఎన్ని తక్కువ పడ్డయి?" అని అడిగాడు.

"తక్కువ పడలేదన్నా. అరవై ఎనిమిదికి అరవై ఎనిమిది ఉన్నయి."

"మరేంది?"

"ఒక కోర్సు మిగిలిపోయింది."

"దానికెన్ని?"

"సున్న."

ఆయన కోడలి వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. "సున్న తక్కువైందా?"

"అవునన్నా."

"సున్న తక్కువైతే ఎంత తక్కువైనట్టు మేడం?"

పద్దెనిమిదేళ్లలో నన్ను ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. పక్కనున్న కాగితాలు సర్దాను.

జమున మెల్లగా అంది. "మేడం, మీరు వెరిఫైడ్ అని స్టాంపు కొట్టిండ్రు గదా. గందుకే అన్నీ అయిపోయినయనుకున్న."

ఆ మాటలో నింద లేదు. ఉంటే బాగుండేది, నేను కూడా రెండు మాటలు అనేదాన్ని. నా స్టాంపును నమ్మింది, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

వాళ్లు వెళ్లాక జరిగిందంతా కూడదీసుకున్నాను. మా దగ్గర పసుపు తవ్వే కాలం అంటే మిగతా పనులన్నీ పక్కకు జరుగుతాయి. పెళ్లి మాటలు, ఇంటి సున్నాలు, పంటి నొప్పులు కూడా సీజన్ అయ్యాక చూద్దాంలే అంటారు. రెండేళ్ల కిందట జమున రెండో సెమిస్టర్ సరిగ్గా ఆ కాలంలోనే పడింది. యోగా క్లాసు శనివారం మధ్యాహ్నాలు. చెప్పేది గంగాధర్ సార్, రిటైరైన డ్రిల్ మాస్టారు, మా కాలేజీకి గెస్ట్ ఫ్యాకల్టీ. ఆయనకూ రెండెకరాల పసుపు ఉంది. పసుపు ఇళ్ల పిల్లలు వెళ్లి సెలవు అడిగితే, "పోండ్రి, పసుపు ఆగదు. మీ సంగతి తర్వాత చూద్దాం" అన్నారట.

ఇక్కడే ఉంది తిరకాసు. మా వైపు పెద్దవాళ్లు చూద్దాం అన్నారంటే పని అయిపోయినట్టే లెక్క. పిల్లలు అలాగే అనుకున్నారు. సార్ మాత్రం నిజంగానే చూద్దామని అన్నారు. సీజన్ అయ్యాక వస్తారని ఎదురుచూశారు, ఎవరూ రాలేదు. వచ్చినవాళ్లకు ఎస్ వేసి, రానివాళ్ల గడి ఖాళీగా వదిలి షీటు నాకు పంపారు. నేను ఫైలు చేశాను. చివర్లో క్రెడిట్లు కూడినప్పుడు ఆ గడిలో ఎస్ ఉన్నా సున్నే, ఖాళీగా ఉన్నా సున్నే. పైనుంచి కూడినా కిందినుంచి కూడినా అరవై ఎనిమిదే. నేనింత గొప్పగా చెప్పుకున్న కూడికకు ఆ ఖాళీ ఎన్నటికీ కనిపించదు.

మధ్యాహ్నం సతీష్ సార్ చాయ్‌కి వచ్చాడు. మెకానికల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్, ముప్పై రెండేళ్లు, నోరు మంచిది. కాలేజీలో పాఠం చెబుతూనే ఇక్కడే ఎం.టెక్. చేసినవాడు. సంగతంతా విని నవ్వాడు.

"మేడం, షీటు మీ బీరువాలనే ఉన్నది గదా. ఖాళీల ఒక్క ఎస్ రాస్తే అయిపాయె. సున్న క్రెడిట్ల కోర్సుకు గింత లొల్లెందుకు?"

ఆయన్ని తిట్టి పంపించాను. కానీ నిజం దాచను. ఆయన వెళ్లాక షీటు తీసి బల్ల మీద పరిచాను. జమున పేరు ఎదురుగా ఖాళీ గడి, చేతిలో పెన్ను. ఒక్క అక్షరం. ఆ పిల్ల ఉద్యోగం నిలుస్తుంది, నా పద్దెనిమిదేళ్ల పేరు నిలుస్తుంది, ఎవరికీ నష్టం లేదు. ఆ పెన్ను ఎంతసేపు పట్టుకున్నానో నాకే తెలియదు. చివరికి పెన్ను కింద పెట్టి గంగాధర్ సార్‌కి ఫోన్ చేశాను.

ఆయన అంతా విన్నారు. "అమ్మా, రాసేటిదుంటే గప్పుడే నేను రాద్దును. గా పిల్ల ఒక్క సూర్యనమస్కారం గూడ చెయ్యలె. పిలిచి గట్టిగ చెప్పకపోవుడు నా తప్పే. క్లాసు పెట్టుండ్రి, నేనొస్త. ఒక్క పైస వద్దు," అన్నారు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. ఆ రెండు మాటలు చెప్పడానికి మెట్ల దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఆయన మెతక మనిషి, నన్ను ఏమీ అనలేదు. రూల్సు పుస్తకం తెరిచి నా వైపు తిప్పారు. మిగిలిపోయిన ఆడిట్ కోర్సును మళ్లీ నడపవచ్చు. ముప్పై రెండు గంటలు జరగాలి, సెక్షన్ ఇన్‌ఛార్జి రోజూ ఎదురుగా ఉండి హాజరు మీద సంతకం చేయాలి. ఐదుగురికి తక్కువైతే మాత్రం నడపకూడదు.

"ఒక్క పిల్ల కోసం మినహాయింపు దొరకదా సార్?" అని అడిగాను.

"పోయిన ఏడాది నలుగురు పిల్లలొచ్చి ఇంకో కోర్సు కోసం మినహాయింపు అడిగిండ్రు. ఈ రూలే చూపించి ఎల్లగొట్టిండ్రు మీరు," అన్నారాయన.

నిజమే. ఎల్లగొట్టింది నేనే. ఆ నలుగురి ముఖాలు కూడా గుర్తొచ్చాయి.

నా గదికి వచ్చి ఆ బ్యాచ్ ఫైళ్లన్నీ దింపాను. పద్దెనిమిది మంది. ఈసారి కూడటం మానేసి ఒక్కో కోర్సు పేరు పక్కన వేలు పెట్టుకుంటూ చదివాను. జమునలాంటి వాళ్లు ఇంకో ముగ్గురు దొరికారు. ముగ్గురివీ పసుపు ఇళ్లే. ముగ్గురి ఫైళ్ల మీదా నా స్టాంపు నిగనిగలాడుతోంది. ఫోన్లు చేశాను. ఒకతను నమ్మలేదు. ఒకమ్మాయి ఏడ్చింది. మూడో అతనిది ఇంకో గోడు.

"మేడం, పెండ్లి పత్రికల పేరు పక్కన ఎం.టెక్. అని అచ్చేయించిన. వెయ్యి కార్డులు," అన్నాడు.

"పెండ్లెప్పుడు?"

"మార్చి పదిహేను."

"అయితే కార్డులు మార్చకు. క్లాసుకు రా," అన్నాను.

జమునతో కలిసి నలుగురయ్యారు. ఒక్కరు తక్కువ. ఒకసారి నవ్వొచ్చింది, ఒకసారి ఏడుపొచ్చింది. ఆ ఒక్కరి కోసం అంతకు ముందటి బ్యాచ్‌లు వెతకాలి. రెండో బీరువా తలుపు తుప్పు పట్టి రాకపోతే వాచ్‌మన్‌ని పిలిచి లాగించాను. దుమ్ముకు తుమ్ముకుంటూ పాత ఫైళ్లు ఒక్కొక్కటీ తిరగేస్తుంటే మూడో కట్టలో ఒక పేరు దగ్గర వేలు ఆగింది. ఆడిట్ కోర్సు రెండు, ఇంగ్లీషు, ఖాళీ. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. పేరు సతీష్.

మా సతీష్ సారే. కాలేజీలో ఉద్యోగం ముందే ఉంది కాబట్టి ప్రొవిజనల్ కోసం ఎప్పుడూ అప్లై చేయలేదు. వచ్చే ఏడాది తీసుకుంటా అంటూ నెట్టుకొస్తున్నాడు. ఆ ఫైలు మీద కూడా నా స్టాంపే ఉంది. అయినా ఆ క్షణంలో నాకు సిగ్గు కంటే సంతోషమే ఎక్కువ కలిగింది.

మర్నాడు ఆయన చాయ్‌కి వచ్చేదాకా ఓపిక పట్టాను.

"ముందు చాయ్ తాగుండ్రి సార్," అని గ్లాసు చేతికిచ్చి, ఫైలు తెరిచి ముందు పెట్టాను. ఆయన చదివాడు. గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ చదివాడు.

"గిదేంది మేడం?"

"సున్న క్రెడిట్ల కోర్సు సార్. దానికి గింత లొల్లెందుకు?"

సతీష్ సార్ ముఖం అప్పుడు చూడాలి. నెమ్మదిగా అడిగాడు. "ఇంగ్లీషు బదులు యోగా చేసినా నడుస్తదా?"

"నడుస్తది. ఏడో తారీఖు పొద్దున ఆరున్నరకు సెమినార్ హాలు. చాప మీరే తెచ్చుకోవాలె."

అలా ఐదుగురయ్యారు. రోజుకు రెండు గంటల చొప్పున పదహారు రోజులు. ఆదివారాలు, శివరాత్రి ఏదీ వదలకుండా నడిపితే ఇరవై రెండుకు అయిపోతుంది. అక్కడినుంచి ఆరు రోజుల్లో కాగితం రావాలి. ఒక్క రోజు తప్పినా జమున ఉద్యోగం పోయినట్టే. ఆ లెక్క గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. నందిపేట్ నుంచి షేర్ ఆటోలు అంత పొద్దున్నే బయల్దేరవు కాబట్టి హన్మాండ్లు కోడల్ని మోపెడ్ మీద తెచ్చి దింపేవాడు.

మొదటి రోజు నేను కుర్చీలో కూర్చుని రిజిస్టర్ తెరిచాను. గంగాధర్ సార్ నా వైపు చూశారు. "కుర్చీల కూసొని యోగా చూస్తరా అమ్మా? ఇదేమన్న సర్కసా?" అన్నారు. ఐదుగురు విద్యార్థులూ గోడ వైపు తిరిగి నవ్వుకున్నారు. నాకు యాభై నాలుగేళ్లు, రెండు మోకాళ్లూ మొరాయిస్తాయి. అయినా తప్పు చేసినదాన్ని, ఏం మాట్లాడతాను? రెండో రోజు నుంచి నేనూ చాప తెచ్చుకున్నాను.

హన్మాండ్లు మొదటి రోజు బయట చలికి వణుకుతూ నిలబడ్డాడు. సార్ లోపలికి పిలిచారు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి, పక్కన ఖాళీ చోటు చూసుకుని తువ్వాల పరిచాడు. వంగమంటే వంగాడు, లేవమంటే లేచాడు. అరచేతులు నేలకు ఆనించమంటే ఆనించి, ఇంకేం చెప్తారా అన్నట్టు చూశాడు. పక్కన సతీష్ సార్ వేళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోయి వణుకుతున్నాయి.

"జర వంగుండ్రి సార్," అన్నాడు హన్మాండ్లు సానుభూతిగా. "పసుపు ఏరేటోళ్లకు గిది లెక్కనే కాదు."

"మాకు క్రెడిట్ కావాలె పెద్దయ్యా, పసుపు కాదు," అని మూలిగాడు సతీష్ సార్.

"గిదాంట్ల క్రెడిట్లు లేవన్నరు గదా?"

ఏడు రోజులు అలా సాగింది. ఎనిమిదో రోజు నుంచి వాళ్లింట్లో ఉడకబెట్టుడు మొదలు. తవ్విన పసుపును నాలుగు రోజులకు మించి పెట్టకూడదు, కొమ్ము చెడుతుంది. ఆ పనిలో జమున లేకపోతే ఎలా? డ్రమ్ము ఆమె చేసింది, మీటరు ఆమెకే అర్థమవుతుంది. హన్మాండ్లుది పాత పద్ధతి. కొమ్ములో పుల్ల గుచ్చితే సాఫీగా దిగిందంటే ఉడికినట్టు. ఆ మీటరును ఆయన గడియారం అని వెక్కిరించేవాడు.

ఏడో రోజు క్లాసు అయ్యాక జమున నా దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "రేపు ఒక్క రోజు రాకుంటే ఏమన్నయితదా మేడం?"

నేను జవాబు చెప్పే లోపే వెనకనుంచి హన్మాండ్లు అందుకున్నాడు. "ఏమైతదంటే గప్పుడు ఏమైందో గదే అయితది. నువ్వు రా బిడ్డా. నీ గడియారం నేను చూస్త."

ఆ ముసలాయన ఆ మాట అన్న తీరుకు నాకు కళ్లు చెమర్చాయి. ఫైళ్ల మధ్య బతికే దాన్ని, ఇలాంటివి నాకు చాలా తక్కువగా కనిపిస్తాయి. మర్నాటి నుంచి గంగాధర్ సార్ తన స్కూటర్ మీద దారిలో జమునను ఎక్కించుకుని వచ్చేవారు.

పన్నెండో రోజు శవాసనం. అందరం కళ్లు మూసుకుని పడుకున్నాం. శ్వాస మీద ధ్యాస పెట్టండి అని సార్ చెబుతున్నారు. జమున ఫోన్ మోగింది. తీయనా వద్దా అని ఆమె తటపటాయిస్తుంటే సార్ కళ్లు తెరవకుండానే, "ఉడుకుతున్నట్టుంది, ఎత్తు," అన్నారు. స్పీకర్‌లో హన్మాండ్లు గొంతు హాలంతా మోగింది.

"జమునా, గడియారం ఇంకా కాలేదంటున్నది. పుల్ల అయిందంటున్నది. ఎవలి మాటినాలె?"

"పుల్ల ఎన్ని చోట్ల గుచ్చినవు మామా?"

"పైన రెండు చోట్ల."

"అడుగున చూడు. ఇంకో ఐదు నిమిషాలుంచు."

డ్రమ్ము మూత చప్పుడు వినిపించింది. తర్వాత, "అడుగున గట్టిగనే ఉన్నది," అన్నాడు ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. మొదట పెళ్లికొడుకు నవ్వాడు. ఆ తర్వాత శవాసనంలో ఉన్నవాళ్లెవరూ నవ్వకుండా ఉండలేకపోయారు.

ఇరవై రెండో తారీఖున పరీక్ష. ఒక్కొక్కరు ఆసనాలు వేసి చూపించాలి, మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. సతీష్ సార్ వేళ్లు నేలను తాకాయి. మేమంతా చప్పట్లు కొట్టాం.

గంగాధర్ సార్ జమునను చివరి ప్రశ్న అడిగారు. "ఒత్తిడి తగ్గిందా బిడ్డా?"

"ప్రొవిజనల్ వచ్చినంక చెప్త సార్," అంది జమున.

"నిజం చెప్పింది," అని ఎస్ వేశారాయన.

ఆ మధ్యాహ్నమే గ్రేడ్లు విశ్వవిద్యాలయానికి పంపాను. ఇరవై మూడు, ఇరవై నాలుగు ఏమీ రాలేదు. ఫోన్ చేస్తే ఫైలు నడుస్తోంది అన్నారు. నడుస్తోంది అన్న మాట ఎన్ని వేలసార్లు నేను పిల్లలకు చెప్పి ఉంటానో, అది వినేవాళ్లకు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. శని, ఆదివారాల్లో గంటకోసారి కంప్యూటర్ చూశాను. ఇరవై ఏడు సోమవారం, మూడు దాటాక, ఎర్ర లైను పోయి పచ్చ లైను వచ్చింది. ఆ సాయంత్రమే విశ్వవిద్యాలయం మనిషి సర్టిఫికెట్ తెచ్చిచ్చాడు. జమునకు ఫోన్ చేస్తే గంటలో మామ, కోడలు మోపెడ్ మీద వచ్చేశారు. పసుపు ఆరబోస్తూ అలాగే లేచి వచ్చిందట. చేతులు కడుక్కురమ్మని కసిరాను. కడిగినా ఆ రంగు పోతుందా? అందినట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టినచోట పచ్చటి బొటనవేలి మరక పడింది. ఇంకెవరైనా అయితే ఆ రోజు నా చేతిలో అయిపోయేవాళ్లు. ఆ పేజీని అలాగే ఉంచాను.

మర్నాడు ఉదయం ఆమె ఉద్యోగంలో చేరింది. మిగతా ముగ్గురి కాగితాలూ, సతీష్ సార్‌వీ నెలలోపు వచ్చాయి. పెళ్లి పత్రికలు వెయ్యీ పనికొచ్చాయి. నాకూ ఒకటి వచ్చింది.

ఆ కేసు తర్వాత నా పని తీరు మారింది. ఇప్పుడు ఫైలు తెరవగానే ముందు సున్నా క్రెడిట్లవి చూస్తాను, తర్వాతే కూడిక మొదలుపెడతాను. నేనిన్నాళ్లూ మొత్తం సరిపోతే అన్నీ ఉన్నట్టే అనుకున్నాను. మొత్తం అంకెలున్నవాటి గురించే చెబుతుంది, లేనివాటి సంగతి దానికి తెలియదు. కొత్త పిల్లలు చేరిన మొదటి రోజు నేనే క్లాసుకి వెళ్లి ఈ కథ చెబుతాను. సతీష్ సార్ పేరు చెప్పను. ఆయనే చేయి ఎత్తి నేనే అది అంటాడు. ఇంకొక మార్పు కూడా వచ్చింది. ఫైలు నడుస్తోంది అని ఊరికే పంపించేయకుండా, ఎవరి బల్ల మీద ఉందో, ఎప్పటికి రావచ్చో కనుక్కుని చెబుతున్నాను. కోపం తగ్గిందా అంటే, ఇంటిపేరు రాయనివాళ్ల విషయంలో తగ్గలేదు.

ఒక్క సంగతి మిగిలింది. ప్రొవిజనల్ తీసుకున్న ఆ సాయంత్రం జమున జిరాక్సులకు వెళ్లింది, హన్మాండ్లు నా బల్ల ముందే నిలబడ్డాడు. యోగా హాజరు షీటు ఫైలు చేద్దామని తీశాను. ఐదు పేర్ల కింద గంగాధర్ సార్ చేతిరాతతో ఆరో పేరు ఉంది: హన్మాండ్లు, ఏడు రోజులు, ఎస్. రిజిస్టర్ కాని మనిషి పేరు షీటులో ఉండకూడదు. ఎర్ర పెన్ను తీసి ఆ వరుస కొట్టేసి పక్కన సంతకం చేశాను. ఆయన చూశాడు.

"నాది కొట్టేసిండ్రా మేడం?"

"మీరు రిజిస్టర్ కాలేదు గదన్నా."

"ఉంచితే నాకు ఎన్నొస్తుండె?"

"సున్న."

"గట్లనా? మరి నాకు పోయిందేం లేదు," అని నవ్వాడు.

నేను సొరుగు లాగి, కొట్టివేతకు ముందే తీసిపెట్టిన జిరాక్సు ఆయన చేతిలో పెట్టాను. ఏ రూలు ప్రకారమూ కాకుండా నా సెక్షన్ నుంచి బయటికి వెళ్లిన కాగితం అదొక్కటే. వాళ్లింట్లో జమున ఎం.టెక్. పట్టా పక్కన దానికీ చట్రం కట్టించి పెట్టాడట. వచ్చినవాళ్లకు ముందు అదే చూపిస్తాడని జమున చెప్పింది.